మందుల కిటికీ దగ్గర ఆగిపోయిన చదువు

వాడ నుంచి మాట్లాడుతున్నా – 19

ప్రతి ఏడాది సెప్టెంబరు 25న ప్రపంచ ఫార్మసిస్టుల దినం జరుపుతారు. జిల్లా కేంద్రంలో కేకు కోస్తారు. శాలువాలు కప్పుతారు. ఆరోగ్య వ్యవస్థకు ఫార్మసిస్టే వెన్నెముక అని ఎవరో ఒక పెద్దమనిషి ఉపన్యాసం ఇస్తాడు. మర్నాడు పొద్దున ఆ వెన్నెముక మళ్ళీ పీహెచ్‌సీకి పోయి, మందుల గది తాళం తీసి, కిటికీ వెనక నిలబడుతుంది. బయట అప్పటికే లైను ఉంటుంది. ఆ లైనులో ఎక్కువ మంది మనవాళ్ళే ఉంటారు.

ఈ వారం ఆ కిటికీ గురించి రాస్తున్నా. పోయిన వారం ఈ సంగతి చెప్తే ఒక విద్యార్థి తమ్ముడు అడిగాడు: "అన్నా, భూమి ఉంది, దాడులున్నాయి, స్కాలర్‌షిప్పుల బకాయిలున్నాయి. ఇవన్నీ వదిలిపెట్టి ఫార్మసిస్టుల ట్రైనింగు మనకెందుకు?"

న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఇది. ప్రభుత్వ ఫార్మసిస్టుకు ఉద్యోగంలో చేరిన తర్వాత దొరికే చదువును అందరూ ఆయన ఉద్యోగ సంఘం చూసుకునే విషయం అనుకుంటున్నారు. ఆ చదువు లేకపోతే నష్టపోయేది మాత్రం వాడ. డబ్బున్నవాడు ప్రైవేటు డాక్టరును రెండోసారి అడుగుతాడు, ఫోను చేస్తాడు, ఇంట్లో చదువుకున్న పిల్లలతో చీటీ చదివించుకుంటాడు. మన అవ్వకు ఆ కిటికీలో నుంచి వినబడే రెండు మాటలే వైద్యం. ఆ రెండు మాటలు సరిగ్గా లేకపోతే ఆమె దగ్గర వేరే దారి లేదు.

ముందు ఆ మనిషి ఎవరో చూద్దాం. ఊర్లలో ఇప్పటికీ "కాంపౌండరు సారు" అనే అంటారు. మైదాన ప్రాంతంలో 30 వేల జనాభాకు, గిరిజన ప్రాంతంలో 20 వేలకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలని లెక్క. అక్కడ ఫార్మసిస్టు సాధారణంగా ఒక్కడే. అంటే అంతమందికి మందు ఇచ్చి, ఎట్లా వేసుకోవాలో చెప్పేది ఆ ఒక్క మనిషే. జిల్లా స్టోరుకు ఇండెంటు పెట్టేది ఆయనే. మందులు దించుకునేది, ఈ-ఔషధిలో ఎక్కించేది, గడువు తీరినవి వేరు చేసేది, ఆడిట్ వస్తే నిలబడేది కూడా ఆయనే. క్యాంపు ఉందంటే మందుల డబ్బా మోసుకుపోయేది మళ్ళీ ఆయనే.

నేను ఆ కిటికీకి లోపలి వైపు కూడా నిలబడ్డాను. ఫీజు రీయింబర్స్‌మెంటు మీద డి.ఫార్మసీ చదివి, ఔట్‌సోర్సింగ్ కింద ఒక పీహెచ్‌సీలో నాలుగేళ్ళు పనిచేశాను. చేరిన రోజు నాకు దొరికిన శిక్షణ ఏమిటంటే, తాళం చెవుల గుత్తి, స్టాకు రిజిస్టరు, కంప్యూటర్ పాస్‌వర్డు. "ఏదన్నా డౌటుంటే అడుగు" అన్నారు. ఎవరిని అడగాలో చెప్పలేదు. డాక్టరు దగ్గర నూట ఇరవై ఓపీ. పక్క మండలం ఫార్మసిస్టు ఫోను ఎత్తే సమయానికి నా ముందు లైను వాకిలి దాటేది.

ఆ నాలుగేళ్ళలో నన్ను ట్రైనింగుకు పిలిచింది మూడుసార్లు. ఒకటి సాఫ్ట్‌వేర్ మారినప్పుడు. ఒకటి కొత్త ఫారం వచ్చినప్పుడు. ఇంకొకటి స్టాకు లెక్కలు తేలట్లేదని పిలిచి తిట్టడానికి. మూడింటిలోనూ గోలీ గురించి, దాన్ని మింగే మనిషి గురించి ఒక్క మాట లేదు. అన్నీ డబ్బాల లెక్కే.

ఇది నా ఒక్కడి ముచ్చటే అయితే రాసేవాడిని కాదు. మీ ఊరి పీహెచ్‌సీకి పోయి అక్కడి ఫార్మసిస్టు అన్ననో అక్కనో అడగండి: "మందు గురించి, రోగి గురించి మీకు ఆఖరిసారి క్లాసు ఎప్పుడు జరిగింది?" జవాబు రాయడానికి పెద్ద నోటుబుక్కు అవసరం పడదు.

చట్టం ఏమంటుంది? ఫార్మసీ చట్టం 1948లో వచ్చింది. డాక్టరు చీటీ మీద మందు ఇచ్చే పని రిజిస్టరైన ఫార్మసిస్టుది అని అందులో ఉంది. 2015 జనవరిలో ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ వచ్చాయి. రోగితో కూర్చుని మందు గురించి వివరంగా మాట్లాడటం, అంటే కౌన్సెలింగ్, ఫార్మసిస్టు బాధ్యత అని వాటిలో రాశారు. బాగుంది. మరి ఆ బాధ్యతకు తగ్గ చదువు? రిజిస్ట్రేషన్ కొనసాగాలంటే 5 ఏళ్ళలో కనీసం 2 రిఫ్రెషర్ కోర్సులకు పోవాలి, ఒక్కొక్కటి కనీసం ఒక రోజు ఉండాలి అన్నారు. 5 ఏళ్ళంటే 1825 రోజుల పైన. అందులో 2 రోజులు! ఆ రెండు రోజులు కూడా ఎవరి సెలవులో, ఎవరి ఖర్చుతో పోవాలో, ఏ భాషలో చెప్తారో, పీహెచ్‌సీకి పనికొచ్చేది చెప్తారో లేదో పట్టించుకునే నాథుడు లేడు.

ఉద్యోగానికి ముందు చదివిన చదువు సరిపోదా అంటారు. డి.ఫార్మసీ రెండేళ్ళ కోర్సు, తర్వాత 500 గంటల ప్రాక్టికల్ ట్రైనింగు. అందులో కనీసం 250 గంటలు నిజంగా చీటీ చూసి మందు ఇచ్చే పని చేయాలి. నాతో చదివినవాళ్ళలో చాలామంది ఆ గంటలు మెడికల్ షాపు కౌంటరు వెనక అట్టపెట్టెలు సర్దుతూ పూర్తి చేశారు. మేం చదివింది 1991 నాటి నిబంధనల సిలబస్. 2020లో కొత్త నిబంధనలు వచ్చాయి, సోషల్ ఫార్మసీ, కమ్యూనిటీ ఫార్మసీ, ఫార్మకోథెరప్యూటిక్స్ లాంటి సబ్జెక్టులు పెట్టారు. అది మంచి మార్పే. కానీ ఇవాళ కిటికీల వెనక ఉన్నవాళ్ళలో అత్యధికులు పాత సిలబస్ వాళ్ళు. కొత్త సిలబస్‌లో ఉన్నది పాతవాళ్ళకు ఎవరు చెప్పాలి?

ఈలోగా పీహెచ్‌సీ పనే మారిపోయింది. ఒకప్పుడు జ్వరం, విరేచనాలు, దగ్గు. మూడు రోజుల గోలీలు ఇస్తే మనిషి లేచి పనికి పోయేవాడు. 2010 నుంచి బీపీ, షుగరు, క్యాన్సరు లాంటి జబ్బుల జాతీయ కార్యక్రమం నడుస్తోంది. 2017లో ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్ మొదలైతే మొదటి విడత ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. నెలకు సరిపడా గోలీలు ఇచ్చి, మళ్ళీ నెలకు రప్పించే పద్ధతి అది. బీపీ, షుగరు గోలీలు బతికినన్ని రోజులు వేసుకోవాల్సినవి. నెలనెలా వచ్చే మనిషి డాక్టరును చూసినా చూడకపోయినా కిటికీ దగ్గరికి మాత్రం తప్పకుండా వస్తుంది. అంటే ఈ జబ్బుల్లో రోగిని ఎక్కువసార్లు చూసేది ఫార్మసిస్టు. ఆయనకు మాత్రం చదువు మూడు రోజుల గోలీల కాలం దగ్గరే ఆగిపోయింది.

ఆ చదువు ఆగిపోతే ఏమవుతుందో మా వాడలో జరిగిన ఒక సంగతి చెప్తా.

మా చిన్నమ్మ వరుస ఆమెకు షుగరు. పీహెచ్‌సీలో గ్లిమిపిరైడ్ గోలీలు ఇచ్చారు. "సారూ, ఇది ఎప్పుడు ఏసుకోవాలె?" అని అడిగితే "పొద్దున ఒకటి" అన్నారు. అది అబద్ధం కాదు. కానీ పత్తి ఏరే రోజుల్లో మా వాడ ఆడవాళ్ళు చీకటితోనే ఆటో ఎక్కుతారు. సద్ది కట్టుకుపోయి పది దాటాక తింటారు. ఆమె లేవగానే గోలీ మింగి, ఏమీ తినకుండా చేను చేరింది. ఆ గోలీ వేసుకుని తిండి తినకపోతే రక్తంలో చక్కెర మరీ పడిపోతుంది. చెమటలు పట్టి, చేతులు వణికి సాలు మధ్యలో పడిపోయింది. ఎండ దెబ్బ అన్నారు ఒకరు, ఏదో సోకింది అన్నారు ఒకరు. తోటి కూలీ ఒకామె నోట్లో బెల్లం ముక్క పెట్టింది కాబట్టి బతికింది. తర్వాత ఆమె ఏం చేసింది? గోలీలు బంద్ పెట్టింది. "ఆ గోలీల వల్లనే పడిపోయిన" అంది. ఏడాదిన్నర తర్వాత కాలి పుండుతో మళ్ళీ దవాఖానకు పోయింది. రెండు వేళ్ళు తీసేశారు.

ఇందులో ఫార్మసిస్టును విలన్ చేయడం సులువు. నేను చేయను. "పొద్దున ఒకటి" అని చెప్పమనే ఆయనకు నేర్పారు. "అమ్మా, పనికి ఎన్ని గంటలకు పోతవు? ఎప్పుడు తింటవు?" అని అడగమని ఎవరూ నేర్పలేదు. ఈ రెండు ప్రశ్నలకు అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం విలువ రెండు కాలి వేళ్ళు.

మన మనుషుల బతుకు తెలియకుండా చెప్పే మందు సలహా సగం సలహానే. మరికొన్ని చూడండి. మూత్రం ఎక్కువ పోయేలా చేసే బీపీ గోలీ వేసుకుని మే నెలలో ఉపాధి హామీ పనికి పోయే మనిషికి నీళ్ళ గురించి, తల తిరగడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఒళ్ళు నొప్పులకు రోజూ డైక్లోఫినాక్ మింగే హమాలీకి అది కిడ్నీని, కడుపును ఏం చేస్తుందో చెప్పాలి. ఐరన్ గోలీ చాయ్‌తో కలిపి వేసుకుంటే ఒంటికి సరిగ్గా పట్టదని, వేసుకున్నాక మలం నల్లగా వస్తే భయపడొద్దని గర్భిణికి చెప్పాలి. చెప్పకపోతే ఆ 180 గోలీలు చూరులోకి పోతాయి. టీబీ మందు మొదలుపెట్టినవాడికి మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుందని ముందే చెప్పాలి. లేకపోతే రక్తం పోతోందనుకుని మూడో రోజే మానేస్తాడు. విరేచనాలైన బిడ్డకు ఓఆర్ఎస్‌తో పాటు ఇచ్చే జింక్ గోలీలు విరేచనాలు తగ్గినా 14 రోజులు వేయాలని తల్లికి చెప్పాలి. ఇంట్లో ఫ్రిజ్ లేని మనిషికి ఇన్సులిన్ ఇచ్చి పంపేటప్పుడు దాన్ని ఎండ తగలకుండా, కుండ చల్లదనంలో, నీళ్ళు తగలకుండా ఎట్లా పెట్టుకోవాలో చూపించాలి.

ఇవేవీ పెద్ద డాక్టరీ విద్యలు కాదు. కానీ ఎవరో కూర్చోబెట్టి చెప్పాలి, అభ్యాసం చేయించాలి, ఏడాది తర్వాత మళ్ళీ గుర్తు చేయాలి. దీన్నే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997లో ఫార్మసిస్టుకు ఉండాల్సిన లక్షణాల్లో ఒకటిగా చెప్పింది: జీవితాంతం నేర్చుకునే మనిషి అయి ఉండాలని. జీవితాంతం నేర్చుకో అని మనిషికి చెప్పి, నేర్పే బడి మాత్రం కట్టకపోతే ఆ మాట ఎవరికి పనికొస్తుంది?

అదే పీహెచ్‌సీలో మిగతావాళ్ళ సంగతి చూడండి. డాక్టరుకు ఇన్‌సర్వీస్ కోటా కింద పీజీ చదివే దారి ఉంది. ఉండాలి కూడా. 2018లో హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లు వచ్చినప్పుడు కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ అనే కొత్త ఉద్యోగం పుట్టించారు. బీఎస్సీ నర్సింగ్, జీఎన్ఎం, ఆయుర్వేదం చదివినవాళ్ళకు 6 నెలల కోర్సు చెప్పించి ఆ ఉద్యోగంలోకి తీసుకున్నారు. అదీ మంచిదే, మన ఆడపిల్లలు చాలామంది ఆ దారిలో వచ్చారు. కానీ ఫార్మసిస్టుకు ఆ కోర్సులో చోటు లేదు. గ్రేడ్-2 లో చేరినవాడు గ్రేడ్-1 కావడానికి, ఆ పైన సూపర్‌వైజర్ కావడానికి ఏళ్ళకేళ్ళు ఎదురుచూడాలి. ఆ ఎదురుచూపులో కొత్తగా ఏం నేర్చుకున్నాడన్నది లెక్కలోకి రాదు, ఎవరికన్నా ముందు చేరాడా అన్నదే లెక్క.

2024లో తెలంగాణలో 633 గ్రేడ్-2 ఫార్మసిస్టు పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. రాతపరీక్షకు 80 మార్కులు, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సేవకు 20 వరకు పాయింట్లు. ఏళ్ళ తరబడి చాలీచాలని జీతానికి పనిచేసినవాళ్ళకు ఆ పాయింట్లు న్యాయమే. నేను అడిగేది ఇంకొకటి. సేవ చేసిన కాలాన్ని లెక్కించడం తెలిసిన ప్రభుత్వానికి, ఆ కాలంలో ఆ మనిషికి ఏం నేర్పావు అని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఏముంది?

ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళు ఎవరో కూడా చూడండి. ఇంజనీరింగ్‌కు, మెడిసిన్‌కు పోలేక, త్వరగా ఒక ఉద్యోగం దొరుకుతుందని డి.ఫార్మసీలో చేరే పిల్లల్లో మన పిల్లలు, బీసీ పిల్లలు చాలామంది. ఇంట్లో మొదటి తరం చదువు. రీయింబర్స్‌మెంటు రాలేదని కాలేజీ సర్టిఫికెట్లు ఆపితే ఏడ్చిన పిల్లలు. వాళ్ళు వ్యవస్థలోకి అడుగుపెట్టగానే అక్కడే, ఆ గదిలోనే వాళ్ళ చదువును ఆపేస్తున్నారు. బాబాసాహెబ్ మన చేతికిచ్చిన మొదటి ఆయుధం చదువు. ఉద్యోగం రాగానే ఆ ఆయుధం ప్రభుత్వం గుంజుకుంటోంది అంటే మనకు కోపం రావద్దా?

ఇప్పుడు అసలు నొప్పి దగ్గరికి వస్తున్నా. కిటికీ దగ్గర కులం ఉంది.

2001-02లో 11 రాష్ట్రాల్లో 565 ఊర్లు తిరిగి చేసిన సర్వే 2006లో "అన్‌టచబిలిటీ ఇన్ రూరల్ ఇండియా" అనే పుస్తకంగా వచ్చింది. మూడో వంతు ఊర్లలో ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తలు దళితుల ఇళ్ళల్లోకి రావడం లేదని అందులో తేలింది. తర్వాత 2010లో సంఘమిత్ర ఆచార్య గుజరాత్, రాజస్థాన్ ఊర్లలో దళిత పిల్లల మీద చేసిన అధ్యయనం వచ్చింది. వైద్యం అందే ఒక్కో దశలో వివక్ష ఎక్కడ ఎంత ఉందో ఆమె చూశారు. అన్నింటికంటే ఎక్కువ కనబడింది ఎక్కడో తెలుసా? మందు ఇచ్చే దగ్గర.

ఎందుకంటే చేయి, చేయి ఎదురయ్యేది అక్కడే. డాక్టరు స్టెతస్కోపు పెట్టకుండా చీటీ రాసి పంపొచ్చు. మందు మాత్రం ఒక చేతిలో నుంచి ఇంకో చేతిలోకి పోవాలి. నేను ఒక చోట కళ్ళారా చూశాను. ఊరి మనిషి వస్తే కవరులో వేసి, మీద రాసి, చేతికిచ్చేవాళ్ళు. వాడ మనిషి వస్తే గోలీల పట్టీ కత్తిరించి కిటికీ గట్టు మీద పడేసేవాళ్ళు. ఆమె "ఎట్ల ఏసుకోవాలె సారూ?" అని అడిగితే "అందుల రాసే ఉంది, పో" అనేవాళ్ళు. కత్తిరించిన ముక్క మీద పేరూ లేదు, గడువు తేదీ కూడా లేదు. ఉన్నా ఆమెకు చదవడం రాదు. అంటరానితనం ఎప్పుడూ కర్ర పట్టుకునే రాదు. ఇట్లా సగం చెప్పి పంపించే రూపంలోనూ వస్తుంది.

1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టంలోనే దవాఖాన, డిస్పెన్సరీ పేర్లు పెట్టి, లోపలికి రానీయకపోవడమే కాదు, వచ్చిన తర్వాత వివక్ష చూపినా నేరమే అని రాశారు. 2015లో అట్రాసిటీ చట్టాన్ని సవరించినప్పుడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పేరును కూడా చేర్చారు. ఈ రెండు సంగతులు ఎంతమంది ఆరోగ్య సిబ్బందికి ఏ ట్రైనింగులో చెప్పారు? ఉష్ణోగ్రత రిజిస్టరు ఎట్లా రాయాలో చెప్పే స్లైడు ఉంటుంది. మందు చేతికి ఎట్లా ఇవ్వాలో చెప్పే స్లైడు ఉండదు.

కిటికీ లోపల మన మనిషి ఉంటే కథ ఇంకో రకం. నా దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన మందు తీసుకునే ముందు ఊరు అడిగాడు, ఇంటిపేరు అడిగాడు, "ఓహో" అన్నాడు, తర్వాత నేను చెప్పిందల్లా మళ్ళీ నర్సమ్మ దగ్గరికి పోయి సరిచూసుకున్నాడు. నాతో పనిచేసిన దళిత ఫార్మసిస్టు చెల్లెలిని మూడేళ్ళు "అమ్మాయి" అనే పిలిచారు, ఆమె పక్కన కుర్చీలో కూర్చునే అటెండరును "సారు" అన్నారు. మాకు చదువు పెరిగితే, పేరు పక్కన ఒక కొత్త అర్హత చేరితే, ఆ చూపు కొంతైనా మారుతుంది. పూర్తిగా మారుతుందని నేను భ్రమపడటం లేదు. కానీ విషయం తెలిసిన మనిషి నిలబడే తీరు వేరుగా ఉంటుంది.

వేరే చోట ఎట్లా ఉందో ఒక్క మాట. హైదరాబాద్ కాలేజీల్లో ఫార్మ్.డి, బి.ఫార్మసీ చదివిన మన పిల్లలు ఇంగ్లండ్‌కు పోతున్నారు కాబట్టి అక్కడి సంగతి చెప్తా. అక్కడ 2015 నుంచి ఊరి డాక్టర్ల క్లినిక్కుల్లో ఫార్మసిస్టులను పెట్టడం మొదలైంది. వాళ్ళ పని గోలీలు లెక్కపెట్టడం కాదు, రోగితో కూర్చుని ఆమె వాడే మందులన్నీ చూసి సరిచేయడం. అట్లా చేరినవాళ్ళకు ఉద్యోగం చేస్తూనే నేర్చుకునే 18 నెలల శిక్షణ బాట వేశారు. 2026 నుంచి అక్కడ కొత్తగా రిజిస్టరయ్యే ఫార్మసిస్టులు మందు రాసే అర్హతతోనే బయటికి వస్తారు. అక్కడ అంతా స్వర్గమని నేను అనను. ఫార్మసిస్టును ఆరోగ్య కేంద్రంలో పెడితే సరిపోదు, పెట్టిన తర్వాత నేర్పాలి అన్న సంగతి వాళ్ళు గుర్తించారు. అక్కడ 18 నెలలు. ఇక్కడ 5 ఏళ్ళకు 2 రోజులు.

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు.

"ఫార్మసిస్టుకు ఎక్కువ నేర్పితే డాక్టరై కూర్చుంటాడు" అంటారు. ఇవాళ మన ఊర్లలో ఆర్ఎంపీ ఏ చదువూ లేకుండా స్టెరాయిడ్ సూది వేస్తుంటే రాని భయం, చట్టం ప్రకారం రిజిస్టరైన మనిషి "తిన్నాక వేసుకో" అని సరిగ్గా చెప్తే ఎందుకొస్తుంది?

"ఒక్కడే ఉంటాడు, ట్రైనింగుకు పంపితే కిటికీ ఎవరు చూస్తారు?" అంటారు. ఇది నిజమైన ఇబ్బంది. ఇవాళ ఫార్మసిస్టు సెలవు పెడితే నర్సో, ఏఎన్ఎమ్మో, ఒక్కోసారి అటెండరో మందులిస్తున్నారు. కాబట్టి నాలుగైదు పీహెచ్‌సీలకు కలిపి ఒక రిలీవర్ ఫార్మసిస్టు పోస్టు పెట్టాలి. దానివల్ల ట్రైనింగు జరుగుతుంది, సెలవు దొరుకుతుంది, ఒక నిరుద్యోగికి ఉద్యోగం వస్తుంది.

"డబ్బులెక్కడివి?" అంటారు. ఇక్కడ మనం జాగ్రత్తగా ఉండాలి. 2013 సబ్‌ప్లాన్ చట్టం అయినా, తెలంగాణలో 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం అయినా, ఆ డబ్బులో నుంచి దీనికి తీస్తామంటే ఒప్పుకోవద్దు. ఉద్యోగికి నేర్పడం ఆరోగ్య శాఖ మామూలు బాధ్యత. మన వాటా నిధిని శాఖల రోజువారీ ఖర్చులకు మళ్ళించే ఆట చాలా చూశాం.

మరి ఏం అడగాలి? నా మట్టుకు నేను ఐదు అడుగుతున్నా.

ఒకటి, కొత్తగా చేరిన ఫార్మసిస్టుకు తాళం చెవులు ఇచ్చే ముందు కనీసం ఒక నెల, అనుభవం ఉన్న ఫార్మసిస్టు పక్కన నిలబెట్టి నేర్పాలి. పర్మినెంటైనా, కాంట్రాక్టైనా, ఔట్‌సోర్సింగైనా ఇదే నియమం. గోలీ ఇచ్చేవాడి ఉద్యోగం ఏ రకమో రోగికి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

రెండు, నెలకు ఒక రోజు క్లాసు. డ్యూటీ కిందే లెక్క, దారి ఖర్చులతో సహా. తెలుగులో, ఉర్దూ అవసరమైన చోట ఉర్దూలో. గోండు, కోయ ఊర్లలో పనిచేసేవాళ్ళకు ఆ భాషలో పది మాటలైనా నేర్పాలి. పాఠం పుస్తకంలో నుంచి మొదలుకాకూడదు, ఆ నెల రిజిస్టరులో నుంచి మొదలుకావాలి. ఎవరు గోలీలకు రావడం మానేశారు? ఎందుకు మానేశారు? అక్కడి నుంచి.

మూడు, వివక్ష లేకుండా మందు ఇవ్వడం శిక్షణలో ఒక పాఠం కావాలి, పనితీరు లెక్కలో ఒక అంశం కావాలి. ఆ పాఠం చెప్పడానికి వాడ ఆడవాళ్ళను పిలవండి. లైనులో నిలబడ్డ అనుభవం వాళ్ళకంటే ఎవరికి తెలుసు?

నాలుగు, చదువు రానివాళ్ళకు గుర్తులతో మందు కవరు. సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ, పళ్ళెం బొమ్మ. దాన్ని ఎట్లా వివరించాలో, చెప్పింది రోగితో తిరిగి ఎట్లా చెప్పించుకోవాలో ఫార్మసిస్టుతో అభ్యాసం చేయించాలి.

ఐదు, నేర్చుకున్నదానికి మెట్టు ఉండాలి. డి.ఫార్మసీ వాళ్ళు ఈసెట్ రాసి బి.ఫార్మసీ రెండో ఏడాదిలో చేరే దారి ఇప్పటికే ఉంది. ఉద్యోగంలో ఉన్నవాళ్ళకు జీతంతో కూడిన స్టడీ లీవు, రోస్టరు ప్రకారం సీట్లు ఇవ్వాలి. కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ లాంటి బ్రిడ్జి కోర్సు ఫార్మసిస్టులకూ తెరవాలి.

విద్యార్థి మిత్రులకు, కార్యకర్తలకు ఒక చిన్న పని అప్పగిస్తున్నా. మీ పీహెచ్‌సీకి సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టండి. నాలుగే ప్రశ్నలు. గత మూడేళ్ళలో ఇక్కడి ఫార్మసిస్టుకు ఎన్ని రోజుల శిక్షణ ఇచ్చారు? ఏ అంశం మీద? ఆ రోజుల్లో మందులు ఎవరు ఇచ్చారు? ఎస్సీ, ఎస్టీల పట్ల వివక్ష చట్టాల మీద సిబ్బందికి శిక్షణ జరిగిందా, జరిగితే తేదీ? తెల్లకార్డు ఉన్నవాళ్ళు పెడితే ఫీజు ఉండదు. అందుకే వాడలో ఒక అవ్వతో పెట్టించండి, అడిగే హక్కు ఆమెదే. జవాబులు వస్తే నాకు పంపండి. ఒక్కో మండలం లెక్క ఇదే పేజీలో పెడదాం, తర్వాత అందరం కలిసి డీఎంహెచ్‌ఓ దగ్గరికి పోదాం.

దరఖాస్తు పెట్టే ముందు ఆ ఫార్మసిస్టుతో ఒకసారి మాట్లాడండి. మనం ఆయన మీద ఫిర్యాదు పెట్టడం లేదని, ఆయనకు రావాల్సినది అడుగుతున్నామని చెప్పండి. ఆయన మన మనిషే అయి ఉండొచ్చు. కాకపోయినా, మన అవ్వ గోలీలు ఆయన చేతిలో ఉన్నాయి.

వచ్చే ఆదివారం: హాస్టల్ పిల్లల రక్తహీనత గురించి రాస్తా.

జై భీమ్.